ఎడమ కమ్మి

బాల్టిక్ ఒడ్డున బయల్దేరి
ఆరువందల నలభై కిలోమీటర్లు దాటాక
తెల్లారగట్ల, చక్కెరదుంప చేల మధ్య
నా కింద ఏదో టక్కుమంది.
పెద్ద చప్పుడేం కాదు,
బళ్ళో పిల్లాడు పెన్సిలు విరిచినంత.
అంతే, నడుం ఒక పక్కకి జారిపోయింది
ముక్కాలిపీటకి ఒక కాలు ఊడినట్టు.

దిగి, తలదీపం వంచి చూశాను.
సీటు కింది రెండు కమ్మీల్లో ఎడమది తెగింది.
తెగినచోట సగం తుప్పురంగు,
సగం తళతళ.
తళతళలాడేది ఇప్పటిది.
తుప్పు పట్టిన సగం మాత్రం
ఏ ఏప్రిల్ నుంచో విరుగుతూ ఉంది.
వేసవంతా అది కీచుమంటూనే ఉంది,
నేను గొలుసుకి నూనె పోస్తూనే ఉన్నాను.
గొలుసు ఏమీ అనలేదు, పాపం.

తరవాతి మజిలీ ఇంకా ఇరవైమూడు కిలోమీటర్లు.
నిలువుకాళ్ళ మీద తొక్కాను.
నూరు లెక్కపెట్టాక కూర్చోవాలనుకోవడం,
అరవై దగ్గరే కూలబడడం,
ఒరిగిన తోలు తొడని కొరికితే మళ్ళీ లేవడం.
పియానోలు శ్రుతి చేసే పని నాది,
యాభైరెండేళ్ళలో సగం స్టూలు మీదే గడిచింది.
కూర్చోవడం కూడా ఒక పనేనని
ఎవరైనా చెబితే నవ్వి ఉండేదాన్ని.

దారి పొడుగునా కరెంటు స్తంభాల మీద కొంగల గూళ్ళు.
ఆగస్టు ఆఖరు. కొంగలు ఆఫ్రికా దారి పట్టేశాయి.
ఎంతెంత విశాలమైన సీట్లు,
ఒక్కదాని మీదా ఎవరూ లేరు!
వాటిని తిట్టుకుంటూ తొక్కాను.
ఇద్దరు కుర్రాళ్ళు నన్ను దాటిపోతూ
"ఒతీలియా గారూ, అంతా సరేనా?" అన్నారు.
"సరే, సరే" అన్నాను.
వాళ్ళ ఎర్రదీపాలు మలుపు తిరిగాక గానీ
ఎందుకలా అన్నానో ఆలోచించలేదు.

ఊళ్ళో అగ్నిమాపక కేంద్రమే మా మజిలీ.
ఫైరింజన్ని ఆరుబయట పెట్టి
షెడ్డులో మాకోసం బల్లలు వేశారు.
కార్డు మీద ముద్ర వేయించుకుని
పుల్లటి సూపు తాగాను, నిలబడే.
అది చూసే కాబోలు
లూదోమీర్ అనే ముసలాయన గరిటె పక్కన పెట్టి వచ్చాడు.
సైకిల్ని తలకిందులు చేసి చాలాసేపు చూశాడు.
మానేస్తావా అని అడగలేదు.
రైల్వేస్టేషను ఎక్కడుందో చెప్పలేదు.
"ఏ పక్కకి ఒరిగి కూర్చుంటావు?" అన్నాడు.
తెలియదన్నాను.
"ఎడమకి. తోలు చెబుతోందిగా."

గోడకి వేలాడే సుత్తి తీసి, పిడి ఊడగొట్టి
జానెడు ముక్క కోశాడు. చేవ ఉన్న చెక్క.
తెగిన కమ్మికి దాన్ని ఆనించి
నీటిగొట్టాలకి వేసే క్లిప్పులు మూడు బిగించి
పళ్ళు నూరుతూ మరలు తిప్పాడు.
అరచేత్తో ఒక్క చరుపు చరిచి,
"గుంత కనబడితే లేచి నిలబడు.
మిగతా దారికి ఇది చాలు" అన్నాడు.
డబ్బు తీస్తుంటే సూపు కుండ దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఇంకా మూడువందల నలభై.
బియెష్చాదీ కొండల్లోకి దారి తిరిగాక వాన.
చెక్క తడిసి ఉబ్బింది, క్లిప్పులు ఇంకా బిగిశాయి.
కుడికి ఒరగడం నేర్చుకున్నాను,
అంటే కుడివైపు కూడా పుండు పడింది.
గుంతలు కనబడని చీకట్లో
ప్రతి గజం గుంతేననుకుని లేచాను.
గడువుకి నలభై నిమిషాల ముందు చేరాను.
ఆఖరి ముద్ర వేసిన అమ్మాయి కుర్చీ చూపించింది.
వద్దన్నాను.

ఇప్పుడు కొత్త సీటు. చప్పుడు చేయదు.
చేసినా చేయకపోయినా నెలకోసారి
కమ్మీల మీద గోరు పెట్టి గీకి చూస్తాను.
ఒక సుత్తిపిడి బాకీ మిగిలింది.
నిన్న ఇనపసామాన్ల కొట్టుకి వెళ్ళాను.
"ఎంత సుత్తికి?" అన్నాడు కొట్టతను.
సుత్తి తలకాయని నేను చూడనే లేదు.
జేబులోంచి ఆ జానెడు ముక్క తీసి
మూడు క్లిప్పుల గాట్లతో సహా బల్ల మీద పెట్టి
"తెలీదు. నన్ను మోసింది" అన్నాను.
అతను ముక్కని చూశాడు,
నన్ను ఎగాదిగా చూశాడు,
అన్నిటికన్నా లావు పిడి తీశాడు.